వెల్ల మీద మందు

శక్తినగర్,
12 జూన్ 1994

నాయనమ్మకి,

మా తెలుగు పుస్తకంలో పాతకాలపు ఉత్తరం ఒకటి పాఠంగా వచ్చింది. అందులో సగం కాగితం క్షేమ సమాచారాలే. నాకు అంత ఓపిక లేదు. అసలు సంగతి ముందే రాసేస్తున్నాను: నువ్వు తాతమ్మవి కాబోతున్నావు! సువర్చల అక్కకి మూడో నెల.

వదినా, ఈ ఉత్తరం నాయనమ్మకి చదివి వినిపిస్తున్నావు కదా, ఇక్కడ ఒక్క క్షణం ఆగు. ఆవిడ కళ్లు తుడుచుకున్నాక మళ్లీ మొదలుపెట్టు.

అక్కా బావల దగ్గరికి నేను వచ్చి ఏడాదైనా ఈ క్వార్టర్స్ ఇంకా కొత్తగానే ఉన్నాయి. పొద్దున్నే కంపెనీ బస్సులో రాయచూరు కాలేజీకి వెళ్తాను. సాయంత్రం వచ్చేసరికి అక్క ఆరేసిన బట్టల మీద బావ పనిచేసే పవర్‌హౌస్ బొగ్గు బూడిద సన్నగా పడి ఉంటుంది. బావ ఆ బూడిదని దులిపి, "ఇది మన జీతం పొడి" అంటాడు. కొత్తగా విన్న మాటల కోసం నేను ఒక నోటుబుక్ పెట్టాను. బావ మాటలే ఇప్పటికి రెండు పేజీలు.

అయితే ఒక చిక్కు ఉంది. పురిటికి అక్కని మన ఇంటికి పంపమంటే బావ వెంటనే ఒప్పుకోలేదు. "పోయినేడు మీ క్యాంపులో జ్వరం రాని ఇల్లుందా? కడుపుతో ఉన్న మనిషికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పే. ఈ ఏడు జ్వరాలు తగ్గితే పంపుతా. లేకపోతే ఇక్కడే, మా టౌన్‌షిప్ ఆస్పత్రిలోనే" అన్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు సర్దింది.

గోడలకి దోమల మందు కొట్టేవాళ్లు వస్తే తప్పకుండా కొట్టించు. నెలాఖరుకి బావా అక్కా వస్తారు.

నీ మనవడు,
హరిబాబు


చెంచయ్య క్యాంపు, మాన్వి తాలూకా,
26 జూన్ 1994

చిరంజీవి హరిబాబుకి నాయనమ్మ హనుమాయమ్మ చెప్పి రాయిస్తున్నది. చెప్పింది చెప్పినట్టే రాయమని మీ వదినతో ఒట్టు వేయించుకున్నా.

ఒరేయ్, నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నా. మీ తాత ఉంటే ఈ కాలవగట్టు మీద ఎడ్లబండి కట్టి ఊరంతా బెల్లం పంచేవాడు. కాలవ కిందికి వలసొచ్చి ఆయన నిలబెట్టిన, ఆయన పేరున్న ఈ క్యాంపు ఊళ్లో ఆయన మునిమనవడు పుట్టకపోతే ఎట్టా? మీ బావకి చెప్పు, పురుడు ఇక్కడే.

మందు వాళ్లు పోయిన వారం వొచ్చారు. యంకప్ప అని ఒకాయన, రాయచూరు మనిషి, పంపు భుజాన వేసుకుని, "అవ్వా, మూడు నెలలు గోడ ముట్టొద్దు. సున్నం గిన్నం ఏస్తే మా పని మట్టిల పోతది" అన్నాడు. సరేలే నాయనా అన్నా. కానీ ఒరేయ్, వాళ్లు పోయాక గోడలు చూశా. తెల్లటి చారలు, కారిన మరకలు. కోడి రెట్ట వేసినట్టుంది. ఇదా అల్లుడు వొచ్చేటప్పుడు కనపడాల్సిన గోడ? మర్నాడే తొట్టినిండా సున్నం నానేసి ఇల్లంతా వెల్ల వేయించా. సున్నం మిగిలింది. మిగిలినదాన్ని నేలపాలు చేసే వంశం కాదు మనది. క్యాంపులో ఇరవై రెండు ఇళ్లకీ తలా బక్కెట పంచా. ఇప్పుడు కాలవ మీంచి చూస్తే మన క్యాంపు మల్లెమొగ్గల దండలాగుంది. రంగవ్వ ఒక్కతే తీసుకోలేదు. మొగుడు పోయి ఏడాది కాలేదు, కార్తీకం దాకా ఆమె ఇంట్లో పండగా లేదు, వెల్లా లేదు పాపం.

కరెంటు రాత్రంతా ఉండటం లేదు. మీ ఊళ్లో పుట్టిన కరెంటు మా ఊరి దారి మర్చిపోయిందా ఏంది?

మందు కొట్టించానని మీ బావకి గట్టిగా చెప్పు.

హరీ, ఈ నాలుగు ముక్కలు నావి. నాయనమ్మగారు పెరట్లోకి వెళ్లారు. మందు వాళ్లని దేవుడి గదిలోకి, వంటింట్లోకి, విత్తనాల గదిలోకి రానివ్వలేదు. "లోపల దేవుడు నిద్రపోతున్నాడు" అన్నారు. యంకప్ప తలుపు పక్క గోడ మీద తారీఖు రాసి వెళ్తే దాని మీద కూడా వెల్ల వేయించారు. నేను చెప్పానని అనకు. – మీ వదిన, లక్ష్మీతిరుపతమ్మ


శక్తినగర్,
14 జూలై 1994

నాయనమ్మకి,

బావా అక్కా తిరిగొచ్చినప్పటి నుంచి నీ గోడల గురించే మాట. "పెళ్లివారిల్లులా ఉంది" అంటున్నాడు బావ. మందు కూడా కొట్టించావని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. "అయితే చూద్దాం" అన్నాడు. మొదట్లో "లేదు" అన్న మనిషి నుంచి "చూద్దాం" దాకా వచ్చామంటే సగం దారి నడిచినట్టే.

అక్కకి పచ్చి మామిడికాయ మీద మనసు పోయింది, కానీ కాలం దాటిపోయింది. రాయచూరు బజారంతా తిరిగి ఎండు ఒరుగులు తెచ్చాను. వాటిని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ ముఖానికి సరిపోయే మాట నా నోటుబుక్‌లో లేదు.

నాకు చదువు బాగానే సాగుతోంది. బావ నాకు కొత్త దోమతెర కొన్నాడు. తెర కట్టుకునే పడుకోమని నువ్వు ప్రతిసారీ చెప్పక్కర్లేదు.

హరిబాబు


చెంచయ్య క్యాంపు,
20 ఆగస్టు 1994

చిరంజీవి హరికి,

ఇక్కడ అంతా బాగున్నాం. నాట్లు అయిపోయినయ్. పొలాలు పచ్చగా పట్టుచీర ఆరేసినట్టున్నయ్. పిల్లలు ఇద్దరు ముగ్గురికి కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే. వానాకాలం కదా.

ఒక వింత చెప్తా విను. రంగవ్వ ఇంట్లో ఆరుగురు. ఆరుగురికీ తుమ్ము కూడా రాలేదు. "మొగుడు చచ్చి కూడా గుమ్మంలో కాపలా కాస్తున్నాడు" అని ఆడవాళ్లంతా అనుకుంటున్నారు. బతికున్నప్పుడు ఒక్క పూట ఇంటిపట్టున ఉన్నాడా ఆయన? రంగవ్వతో అదే అన్నా. "అందుకే ఇప్పుడొచ్చిండేమోనమ్మా" అని నవ్వింది. చాన్నాళ్లకి నవ్వింది.

సువర్చలకి సున్నుండలు పంపుతున్నా. నువ్వు రెండు తిను, చాలు.

హరీ, నేను వదినని. "ఇద్దరు ముగ్గురు" కాదు, పదకొండు ఇళ్లలో జ్వరం. నాయనమ్మగారే మూడు రోజులు రెండు బొంతల కింద వణికారు. మాన్వి ఆస్పత్రి నుంచి వచ్చినాయన వేలు గుచ్చి రక్తం తీసి మాత్రలు ఇచ్చారు. ఇప్పుడు లేచి తిరుగుతున్నారు. ఆ సున్నుండలు చుట్టింది జ్వరం తగ్గిన రెండో రోజునే. సువర్చలకి తెలియనివ్వొద్దని నాచేత ప్రమాణం చేయించారు. నీకు రాయొద్దని మాత్రం అనలేదు.


శక్తినగర్,
2 సెప్టెంబరు 1994

నాయనమ్మకి,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నీలాగే నేను కూడా దాచాను. నాకూ మలేరియానే. ఆరు రోజులు టౌన్‌షిప్ ఆస్పత్రిలో ఉన్నాను. తెర కట్టుకున్న మాట నిజమే. కానీ లోపల పడుకుంటే ట్యూబులైటు వెలుగు మసకగా పడి అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని తెర మంచం మీద చక్కగా కట్టి, నేను మాత్రం బయట కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతూ అక్కడే నిద్రపోయేవాణ్ణి. నెలన్నర పాటు దోమలు కుట్టకుండా ఆ తెర నా దిండుని కాపాడింది.

ఇంతకన్నా చెడ్డ వార్త ఇంకోటి. నేను ఆస్పత్రిలో ఉండగా వదిన రాసిన ఉత్తరం బావ చేతికి వచ్చింది. పదకొండు ఇళ్లు, రెండు బొంతలు, అన్నీ చదివేశాడు. "అయిపోయింది. ఇంక ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు. అక్క ఏడవలేదు. సున్నుండల డబ్బా మూత పెట్టేసి పైఅరలో పెట్టింది. ఏడిస్తేనే బాగుండేది.

మంచం మీద పడుకుని నేను నీ ఉత్తరాలన్నీ వరసగా చదివాను. జూన్‌లో మందు. మర్నాడే వెల్ల. ఇరవై రెండు ఇళ్లకి సున్నం. తీసుకోనిది రంగవ్వ. జ్వరం రానిదీ రంగవ్వ ఇల్లే! మా జువాలజీ సార్ ప్రాణేశ్‌గారు నన్ను చూడ్డానికి వస్తే ఇదంతా చెప్పాను. దోమ రక్తం తాగాక బరువెక్కి గోడ మీద వాలుతుందట. గోడ మీద మందు ఉంటే చస్తుంది. మందు మీద వెల్ల ఉంటే హాయిగా కునుకు తీస్తుంది. "కానీ ఒక్క ఇంటితో ఏదీ రుజువు కాదు హరిబాబూ, లెక్క కావాల" అన్నారు సార్.

నాకు లెక్క అక్కర్లేదు. రంగవ్వ ఇంటికి కాపలా కాసింది మొగుడు కాదు, గోడ. కాబట్టి దసరాకి ఎవరూ వెల్ల వెయ్యకూడదు. క్యాంపులో అందరికీ నువ్వే చెప్పాలి. వెల్ల మూఢాచారం. ఇది నా మాటగా చెప్పు.

హరిబాబు


చెంచయ్య క్యాంపు,
10 సెప్టెంబరు 1994

హరిబాబుకి,

నీ మాటగా చెప్పమన్నావు. చెప్పా. ఆడవాళ్లంతా ఏమన్నారో తెలుసా? "ముందు ఆయన్ని తెరలో దూరమనండి" అన్నారు. దిండుకి తెర కట్టిన పండితుడివి, నువ్వు మాకు మూఢాచారం నేర్పుతావా?

దసరాకి వెల్ల లేకుండా ఉండటం అంటే ఏందో నీకు తెలుసా? మేము గుంటూరు జిల్లా నుంచి వొచ్చినప్పుడు ఇక్కడ నల్లరేగడి, ముళ్లకంప, తాటాకు పాకలు. మొదటి పంట ఇంటికి వొచ్చిన ఏడు దసరాకి, మాకున్న ఒక్క మట్టిగోడకి వెల్ల వేశా. మీ తాత దూరం నుంచి చూసి, "ఇల్లు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు. అది మూఢాచారమా?

అయితే నిన్నంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే మీ వదినని పలకా బలపం తీసుకురమ్మని ఇంటింటికీ తిరిగా. మీ సారుకి లెక్క కావాలన్నావుగా. పదకొండు ఇళ్లలో జ్వరం, పదకొండు ఇళ్లలోనూ వెల్ల. జ్వరం రాని తక్కిన పదకొండింట్లో రంగవ్వ ఇల్లు కాక ఇంకో నాలుగిళ్లవాళ్లు బక్కెట తీసుకుని వాకిటి గోడకి, పశువుల కొట్టానికి వేసి, ఇంటి లోపల వెయ్యకుండా బద్ధకంతో ఊరుకున్నారంట! ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. బద్ధకస్తులు బాగున్నారు, నా మాట విన్నవాళ్లు మంచాన పడ్డారు. నా చేత్తో పంచిన సున్నంరా. 

ఒక్క సంగతి మీ సారుని అడుగు. మందు మీద వెల్ల వేస్తే మందు పోద్ది, సరే. వెల్ల మీద మందు కొడితే ఏమవుద్ది?


శక్తినగర్,
17 సెప్టెంబరు 1994

నాయనమ్మకి,

నీ ప్రశ్న క్లాసులో చదివి వినిపిస్తే ప్రాణేశ్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ నాయనమ్మ ఏం చదివింది?" అన్నారు. పెద్ద బాలశిక్ష సగం అన్నాను. "నువ్వు పుస్తకాలు చదివి పండగ వద్దంటివి. ఆమె పండగ వెల్లనే మందుకన్నా ముందుకు జరుపుతాంది. ఎవరు తెలివిగలోళ్లు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

వెల్ల వేసి పది పదిహేను రోజులు బాగా ఆరనివ్వాలట. పచ్చి సున్నం మందుని పాడు చేస్తుందట. ఆ తర్వాత మందు కొట్టించి, మూడు నెలలు గోడ ముట్టకూడదు. అన్ని గదులూ, నాయనమ్మా. దేవుడి గదితో సహా. (ఇది ఎవరు చెప్పారని అడగకు.)

వెల్లని మూఢాచారం అన్నందుకు నన్ను క్షమించు. నోటుబుక్‌లో ఆ మాట కొట్టేసి, పక్కన తాతయ్య అన్న మాట రాసుకున్నాను.

బావ నా మంచం పక్కన, తెరకి దగ్గరగా ఒక బల్బు పెట్టాడు. లోపల కూర్చుని చదువుతుంటే దోమలు బయట నిలబడి నా పుస్తకంలోకి తొంగి చూస్తున్నాయి. నీ పలక లెక్క కూడా బావకి చూపించాను. చాలాసేపు చూసి, "కార్తీకం దాకా చూస్తా. తొమ్మిదో నెల అప్పుడే వస్తుంది" అన్నాడు. అక్క సున్నుండల డబ్బా కిందికి దించింది.

హరిబాబు


చెంచయ్య క్యాంపు,
17 అక్టోబరు 1994

చిరంజీవి హరికి,

దసరా అయింది. కూర్చుని విను, చాలా ఉంది.

నీ ఉత్తరం వొచ్చిన మర్నాడే సున్నం నానేశా. ఇన్నేళ్లలో ఎవరూ వినని మాట, దసరాకి మూడు వారాల ముందు వెల్ల! అమావాస్య కూడా రాకముందే ఏందమ్మా అన్నారు. "తాతమ్మనవుతున్నా, తొందరగా ఉంది" అన్నా. రంగవ్వది తప్ప ఇళ్లన్నీ తెల్లబడ్డయ్. గోడలు ఆరినయ్. మందు వాళ్లు మాత్రం రాలేదు. కాలవ కింది ఊళ్లు ముగించుకుని వొస్తారంట. దసరా అయిపోయాక వొస్తే నాకు ఇబ్బంది లేదు గానీ, ఆలోపు దోమలు ఊరుకుంటయ్యా?

బస్సెక్కి మాన్వి పోయా. మీ వదిన తోడు. ఆఫీసు వరండాలో యంకప్ప టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది అవ్వా, నువ్వే వస్తివి? పోయినసారి దేవుడు పండుకున్నడంటివి కదా?"

"దేవుడు లేచాడు నాయనా. నువ్వే పండుకున్నావు" అన్నా.

టీ పొరబోయింది ఆయనకి. "పదేండ్ల నుంచి పంపు మోస్తున్న. మమ్ముల చూస్తే తలుపులు ఏసుకునేటోళ్లనే చూసిన. గిట్ల బస్సెక్కొచ్చి పిలిచేటోళ్లని ఇప్పుడే చూస్తున్న" అన్నాడు. పండక్కి ఆరు రోజుల ముందు వొచ్చాడు. నేనే ముందు నడిచి దేవుడి గది తలుపు తీశా. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, పటాల మీద గుడ్డ కప్పి మరీ కొట్టాడు. నాకు కళ్లనీళ్లు తిరిగినయ్. మందు ఘాటుకి.

ఇంక పండగ. తెల్లటి గోడల మీద మళ్లీ ఆ చారలు. ఆడవాళ్ల చేతులు ఊరుకుంటయ్యా? ఒకామె తడిగుడ్డ పట్టుకుని గోడ దగ్గరికి పోతుంటే పట్టుకున్నా. మిగిలిన సున్నం అంతా తెచ్చి, "చేతుల దురద నేల మీద తీర్చుకోండి" అని వాకిళ్లలో ముగ్గులు వేయించా. కాలవ వంతెన దాకా ముగ్గులే. బళ్లవాళ్లు దిగి పక్కనించి నడిచిపోయారు.

నాయనమ్మగారు ఒక సంగతి వదిలేశారు. పండగ రోజు పొద్దున ఆవిడే తడిగుడ్డతో దేవుడి గది గోడ ముందు నిలబడి ఉండగా నేను చూశాను. నన్ను చూసి గుడ్డ వెనక్కి దాచి, "పటం తుడుస్తున్నా" అన్నారు. పటం అవతలి గోడకి ఉంది. – వదిన


శక్తినగర్,
16 నవంబరు 1994

నాయనమ్మకి,

కార్తీకం వచ్చాక క్యాంపులో ఒక్కటే జ్వరం, అదీ పత్తి తీయడానికి వేరే ఊరు వెళ్లి వచ్చినాయనకి అని నువ్వు రాయించావు. బావ ఆ మాట నమ్మలేదు. కాగితం తిప్పి, కింద వదిన ఏం రాసిందో చూశాడు. అక్కడ "ఈసారి ఆవిడ చెప్పిందే నిజం" అని ఒక్క లైను ఉంది. అప్పుడు నవ్వి, "సువర్చలా, పెట్టె సర్దుకో" అన్నాడు.

ఆదివారం వస్తున్నారు. అక్క పెట్టెలో అన్నిటికన్నా పైన ఉన్నవి మూడు దోమతెరలు. ఒకటి అక్కకి, ఒకటి నీకు, ఒకటి చాలా చిన్నది.

హరిబాబు


చెంచయ్య క్యాంపు,
22 డిసెంబరు 1994

చిరంజీవి హరికి,

ఆడపిల్ల! మాన్వి ఆస్పత్రిలో పుట్టింది, నిన్న ఇంటికి తెచ్చాం. మునిమనవడు అన్నా గానీ, దీని ఏడుపు వింటే మీ తాతే దిగొచ్చాడనిపించింది. అంత గొంతు. మీ బావ పిల్లని చూసే ముందు గోడలు చూశాడు. ఆ తర్వాత రెండింటినీ చూసి నవ్వాడు.

నన్ను తెరలో పడుకోబెట్టారు. వలలో పడ్డ బొమ్మిడాయిలాగున్నా. అయినా పడుకుంటున్నా. నిన్ను తిట్టాలంటే ముందు నేను లోపల ఉండాలిగా.

రంగవ్వ పిల్లని చూడ్డానికి వొచ్చింది. మొన్న కార్తీకంలోనే వాళ్లాయనకి ఏడాది వెళ్లింది. ఇంక ఆమె పండగ చేసుకోవొచ్చు, వెల్ల వేసుకోవొచ్చు. ఆమె గోడలు ఏడాది దాటిన మసితో ఉన్నయ్. "వేసుకోవే, సున్నం నేను ఇస్తా. ఏడాదంతా ఆగావు, మందు సంగతి తర్వాత చూద్దాం" అన్నా. నోరు జారి అన్న మాట కాదు, మనస్ఫూర్తిగానే అన్నా.

రంగవ్వ తెరలోకి తొంగి చూసి, "ఇప్పుడొద్దమ్మా. పక్కింట్ల పసిబిడ్డ ఉంది. ఏడాది ఆగిన గోడ ఇంకో ఆరు నెలలు ఆగదా ఏంది?" అంది.

వచ్చే ఏడు యంకప్ప రావడానికి పదిహేను రోజుల ముందు, క్యాంపులో మొదటి కుంచె ఆమె గోడకి. పట్టుకునేది నేను. తారీఖు వేసి నీ నోటుబుక్‌లో రాసుకో.

హరీ, బారసాల ఆదివారం. నాయనమ్మగారు సున్నం తొట్టి బోర్లించి, దాని మీద పీట వేసుకుని కూర్చుని ఇదంతా చెప్పారు. ఇప్పుడు కలం ఇమ్మంటున్నారు. ఆవిడ స్వయంగా రాయడం నేను చూడటం ఇదే మొదటిసారి. – వదిన

హరీ
గోడ ముట్టలేదు
పిల్ల బాగుంది
రా